బ్రేకు లేని పడవ

ఆయన్ని ఊళ్లో అందరూ బ్రేకు మాస్టారంటారు. ఎదురుగా మాత్రం ఎవరూ అనరు. ఎదురుగా "మాస్టారూ" అంటారు, బ్రేకుని మనసులో కలుపుకుంటారు. డ్రైవింగ్ స్కూలు ఆయనది. నేర్చుకునేవాళ్లు స్టీరింగ్ ముందు కూర్చుంటే ఆయన పక్క సీట్లో కూర్చుంటాడు, ఆయన కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకుంటుంది. కారు గోడ మీదికి పోతున్నా ఆయన కంగారుపడడు. "బ్రేక్!" అని ఒక్క అరుపు అరుస్తాడు. అవతలివాళ్లు తొక్కితే సరే, లేకపోతే తనే తొక్కేస్తాడు. ఆ అరుపు మామూలు అరుపు కాదు. ఎప్పుడో లైసెన్సు తెచ్చుకుని పిల్లల్ని కన్నవాళ్లు కూడా బజార్లో ఆ గొంతు వినబడితే చేతిలో కూరల సంచీతో సహా ఠక్కున ఆగిపోతారు. నమ్మకపోతే మందుల షాపాయన్ని అడగండి, ఆయన అలా ఆగినప్పుడే వెనకనించి స్కూటరొచ్చి తగిలింది.

ఊరందరికీ బ్రేకు నేర్పిన మనిషి, కన్నకూతురికి మాత్రం వేయలేకపోయాడు. స్కూల్లో రెండో కారు చూసుకోవాల్సిన పిల్ల, వెళ్లి వెళ్లి రాఫ్టింగ్ కంపెనీలో చేరింది. గాలి నింపిన రబ్బరు పడవల్లో జనాన్ని ఎక్కించడం, ఏట్లో బండల మధ్య దూకించడం, మధ్యమధ్య మడుగుల దగ్గర ఆపి ఈతలు కొట్టించడం, సాయంత్రానికి తడిసిన వాళ్లని తడిసినట్టే వ్యానెక్కించి పంపేయడం, ఇదీ ఆ కంపెనీ చేసే వ్యాపారం. స్టీరింగ్ లేదు, హారన్ లేదు, బ్రేకు అసలే లేదు. అలాంటి దాంట్లోకి జనం వరసకట్టి మరీ ఎక్కుతారంటే మాస్టారికి మతిపోయింది.

కూతుర్ని ఇంట్లో బుజ్జి అంటారు. చేరినప్పటినించీ పెద్ద గైడ్ల వెనక సాయానికి తిరగడమే తప్ప సొంతంగా పడవ చేతికి రాలేదు. చూసి చూసి మాస్టారు ఒక మాటన్నాడు.

"ఈ సీజన్లో కూడా నీకు పడవ ఇవ్వకపోతే ఇంక చాలమ్మా. బుద్ధిగా వచ్చి స్కూల్లో కూర్చో. రెండో కారు కవరు కప్పుకుని ఏడుస్తోంది."

"సరే నాన్నా," అంది బుజ్జి. మాటిస్తే తప్పే పిల్ల కాదు. మాస్టారి ధైర్యమంతా అదే.

ఆ సీజన్లోనే ఒక ఆదివారం బుజ్జికి పరీక్ష పెట్టారు. పడవ నిండా జనంతో పొద్దున్నించి సాయంత్రం దాకా తనే నడపాలి, ఓనరావిడ వెనక పడవలో వస్తూ చూస్తుంది. పడవంతా బుజ్జి మాట మీద నడిస్తే పడవ బుజ్జిది. నడవకపోతే రెండో కారు బుజ్జిది.

మాస్టారి భార్య ఆ పడవలోనే రెండు సీట్లు చెప్పేసి వచ్చి, అప్పుడు మొగుడికి చెప్పింది. "పిల్ల ఆ నీళ్లలో ఏం చేస్తుందో ఒక్కసారైనా చూడొద్దూ? మీరు మాత్రం నోరు మెదపనని నా మీద ఒట్టేయండి."

"నేనెందుకు మాట్లాడతాను?" అన్నాడాయన నొచ్చుకుని.

ఒట్టేయించుకుని గానీ ఆవిడ వదల్లేదు. అమ్మానాన్నా వస్తున్నారని ఓనరావిడకి తెలియకూడదని బుజ్జి కూడా గట్టిగా చెప్పింది.

తీరా ఏటి ఒడ్డున హెల్మెట్లు పెట్టుకుంటుంటే తేలిందేమిటంటే, ఆ పడవ ఎక్కేవాళ్లంతా ఊరివాళ్లే. మందుల షాపాయన, ఆయన భార్య, పళ్ల డాక్టరమ్మ, ముగ్గురూ మాస్టారి శిష్యులే. సైకిలాయన ఒక్కడే బయటివాడు. అంటే ఆయనదీ ఆ ఊరే, కానీ కారు జోలికి పోకుండా పుట్టినప్పటినించీ సైకిలే తొక్కుతున్నాడు. మాస్టారికి ఆయనంటే పడదు.

"నమస్కారం మాస్టారూ!" అన్నారు ముగ్గురూ లేచి నిలబడి. బుజ్జి ఓనరావిడ ఎక్కడుందోనని చుట్టూ చూసుకుంది.

అందర్నీ కూర్చోబెట్టి సంగతులు చెప్పింది. "వేయండి అంటే తెడ్డు ముందుకి వేయాలి. వెనక్కి అంటే వెనక్కి. ఆపండి అంటే తెడ్డు పైకెత్తాలి. పొరపాటున నీళ్లలో పడితే వెల్లకిలా తేలి, కాళ్లు ముందుకి చాపాలి. గైడు మాట తప్ప ఇంకెవరి మాటా వినొద్దు. వినకుండా అడ్డం పడేవాళ్లని గట్టున దింపేసే హక్కు నాకుంది. దింపేశానని మీరు ఓనరు గారికి ఫిర్యాదు చేస్తే నన్ను పన్లోంచి దింపేసే హక్కు ఆవిడకుంది. అంచేత ఒకరి కొంప ఒకరం ముంచుకోకుండా వెళ్లొద్దాం."

అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వాడు.

మొదటి మడుగు దాకా అంతా బాగానే సాగింది. నీళ్లు అడుగున రాళ్లు కనబడేంత తేటగా, పళ్లు టకటకమనేంత చల్లగా ఉన్నాయి. పళ్ల డాక్టరమ్మ బండ మీదినించి దూకి, కేకపెట్టి, పైకొచ్చి మళ్లీ దూకింది. సైకిలాయన ఎవరితోనూ మాట్లాడకుండా అటునించి ఇటు, ఇటునించి అటు ఈదుతూనే ఉన్నాడు. ఎప్పుడూ చీరలే కట్టే మాస్టారి భార్య ఆవేళ ట్రాక్ ప్యాంటేసుకుని మెడదాకా నీళ్లలో నిలబడి, "ఏమండీ, ఎంత హాయిగా ఉందో, రండి!" అని పిలుస్తూనే ఉంది. మాస్టారు గట్టున కూర్చుని కాళ్లు తడుపుకున్నాడు. పొద్దుట్నించీ ఒక్క మాట మాట్లాడలేదు. బుజ్జి తెడ్డు పట్టుకునే తీరు, ముందొచ్చే బండని దూరంనించే కనిపెట్టి పడవని తిప్పే తీరు చూస్తుంటే ఆయనకి లోపల ముచ్చటేస్తోంది. ముచ్చటేసినందుకు తన మీద తనకే చిరాకేస్తోంది. పిల్ల ఇంత బాగా చేస్తే ఇంక స్కూలుకి ఎందుకొస్తుంది?

మడుగు దాటాక ఏరు వాలుగా దిగుతుంది. అక్కడ ఉరవడి రెండు చోట్ల ఎక్కువ. గైడ్లు వాటికి చిన్నత్త, పెద్దత్త అని పేర్లు పెట్టుకున్నారు. చిన్నత్త కసురుతుంది, పెద్దత్త కొడుతుంది, అంతే తేడా.

చిన్నత్త మొగదల నడిమధ్యలో ఏనుగంత బండ ఉంది. అక్కడ చేయాల్సిందేమిటంటే, సూటిగా ఆ బండ మీదికే జోరుగా పోవాలి. దగ్గరికెళ్లాక నీళ్ల పాయే పడవని లాగి పక్కకి జార్చేస్తుంది. జోరు తగ్గితే మాత్రం బండకి అతుక్కుపోతారు. ఇది బుజ్జికి తెలుసు. వెనక వస్తున్న ఓనరావిడకి తెలుసు. పడవ ముందు భాగంలో, ఎడమవైపు, ఎప్పుడూ కార్లో కూర్చునే వైపే కూర్చున్న మాస్టారికి మాత్రం బండ కనబడుతోంది.

"వేయండి! గట్టిగా వేయండి!" అని వెనకనించి బుజ్జి అరుస్తోంది.

బండ దగ్గరికొచ్చేసింది. మాస్టారు ఒట్టు మర్చిపోయాడు, పెళ్లాన్ని మర్చిపోయాడు, ఎక్కింది పడవన్న సంగతే మర్చిపోయాడు.

"బ్రేక్!"

మందుల షాపాయన, ఆయన భార్య, పళ్ల డాక్టరమ్మ ముగ్గురూ ఠక్కున తెడ్లాపేసి కుడికాలు తొక్కారు. మాస్టారు కూడా తొక్కాడు. అడుగున రబ్బరు తప్ప ఏమీ లేదు. ఆపకుండా తెడ్డు వేస్తున్నది ఇద్దరే. ఒకరు సైకిలాయన. రెండోది మాస్టారి భార్య, నీకు భయం, నీకెందుకులే అని ఆయన ఏనాడూ కారు నేర్పని ఇల్లాలు. ఇద్దరూ కుడివైపే ఉన్నారు. కుడివైపు లాగుతుంటే ఎడమవైపు ఊరుకోవడంతో పడవ గిర్రున అడ్డం తిరిగి, వెళ్లి బండకి అతుక్కుంది. ఆ అదురుకి పళ్ల డాక్టరమ్మ ఎగిరి నీళ్లలో పడింది.

"బండ వైపు పడండి! అందరూ బండ వైపు!" అంది బుజ్జి.

అటువైపు బరువు పడితేనే పడవ తిరగబడకుండా ఉంటుంది. కానీ మనిషన్నవాడు గుద్దుకున్న బండకి దూరంగా జరుగుతాడు గానీ దాని మీద పడడు కదా. ఏం చేయాలో తోచక మందుల షాపు దంపతులు మాస్టారి మొహం చూశారు. ఎడమ అంచు మునుగుతోంది, నీళ్లు లోపలికొచ్చేస్తున్నాయి, వాళ్లు మాత్రం మాస్టారి మొహమే చూస్తున్నారు.

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. "అమ్మాయి చెప్పింది చేయండర్రా!" అన్నాడు.

అప్పుడు పడ్డారు. పడవ ఒక ఊపు ఊగి, బండని రాసుకుంటూ కిందికి జారింది. కొట్టుకుపోతున్న డాక్టరమ్మకి బుజ్జి తాడు విసిరింది, గురి తప్పలేదు. లాగి పడవలో వేసేదాకా ఆవిడ చెప్పినట్టే వెల్లకిలా తేలుతూ, కాళ్లు చాపుకుని, కుడికాలితో ఇంకా తొక్కుతూనే ఉంది.

రెండో మడుగు దగ్గర పడవ గట్టుకి చేర్చారు. డాక్టరమ్మకి దెబ్బలేమీ తగల్లేదు. కాస్త వణుకు తగ్గాక మళ్లీ దూకడానికి బండ వెతుక్కుంటోంది. ఓనరావిడ పడవ కాస్త ఎగువన ఆగింది. ఆవిడ దిగలేదు, పలకరించలేదు. అక్కణ్నించే చూస్తోంది.

బుజ్జి తండ్రిని పక్కకి పిలిచింది. "నాన్నా, కావాలనే చేశావా?"

"ఛ ఛ! అదేం మాట బుజ్జీ? నా నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది."

బుజ్జి ఆయన మొహంలోకి చూసింది. నిజమే చెబుతున్నాడని తెలిసిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. "కావాలని చేసినా బాగుండేది. తిట్టి కూర్చోబెట్టేదాన్ని. దానంతట అదే వస్తే పెద్దత్త దగ్గర కూడా వస్తుంది కదా."

మాస్టారు తన కుడికాలి వైపు చూసుకున్నాడు.

బుజ్జి ముంజేత్తో మొహం తుడుచుకుని, నాలుగడుగులు వెనక్కేసి, అందరికీ వినబడేలా గొంతు పెంచింది. "సార్, మీరు ఇక్కడ దిగిపోవాలి. దారి మీదికి కంపెనీ వ్యాన్ వస్తుంది. ఆఖరి మడుగు దగ్గర మళ్లీ కలుద్దాం."

ఏమే బుజ్జీ అనబోయాడు మాస్టారు. సార్ అన్న పిలుపు ఆయనకి బ్రేకు వేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఎంతోమందిని బళ్లలోంచి దింపాడు గానీ, ఆయన్ని దింపిన వాళ్లు లేరు. మందుల షాపాయన నేల చూపులు చూస్తున్నాడు. మాస్టారు హెల్మెట్ విప్పి భార్య వైపు తిరిగాడు. "పద, నువ్వూ దిగు."

"నేనెందుకు దిగుతాను?" అంది ఆవిడ. "నేను గైడు చెప్పినట్టే వేశాను." అని లేచి, ముందుకెళ్లి, ఆయన ఖాళీ చేసిన చోట సర్దుకుని కూర్చుంది.

వ్యాన్ డ్రైవరు కూడా శిష్యుడే. మాస్టార్ని పక్కన కూర్చోబెట్టుకుని చచ్చేంత భయంతో నత్తనడకన నడిపాడు. పైన మలుపు దగ్గరికి రాగానే మాస్టారు ఆపమన్నాడు. ఆగీ ఆగకముందే దిగి, గట్టు అంచు దాకా పరుగెత్తాడు.

కింద పెద్దత్త కనబడుతోంది. నీళ్లు నురగలు కక్కుతూ మెట్లు మెట్లుగా పడుతున్నాయి. పడవ వచ్చింది. అంత పైనించి బుజ్జి గొంతు వినబడదు, తెడ్లు మాత్రం కనబడుతున్నాయి. అన్నీ ఒక్కసారి లేస్తున్నాయి, ఒక్కసారి పడుతున్నాయి. పడవ ఒక గుంటలోకి దిగి కనబడకుండా పోయింది. మాస్టారు "బుజ్జీ!" అని అరిచాడు. ఆ అరుపు పక్కనున్న డ్రైవరుకి తప్ప ఎవరికీ వినబడలేదు. మళ్లీ పడవ ముక్కు పైకి లేచింది, ఆ ముక్కు మీద ఆయన భార్య తలదాకా తడిసి, నోరంతా తెరిచి నవ్వుతోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ అలా నవ్వగా ఆయన చూడలేదు. ఇంకో రెండు మెట్లు దూకి పడవ నిదానపు నీళ్లలోకి వచ్చేసింది. తను లేకుండానే వచ్చేసింది. ఆయనకి ఏడుపొచ్చింది, సంతోషమూ వచ్చింది. రెండూ కలిసి వచ్చేసరికి దగ్గొచ్చినట్టు నటించాడు.

ఆఖరి మడుగు దగ్గర అందరూ ఈతల్లో ఉండగా ఓనరావిడ సరాసరి మాస్టారి దగ్గరికొచ్చింది. బుజ్జి నాలుగడుగుల దూరంలో తాళ్లు చుట్టుకుంటోంది. వినబడుతోంది గానీ తలెత్తలేదు.

"దారిలో దింపేసింది మిమ్మల్నేనా?"

"నన్నే."

"టికెట్ కొనుక్కున్న మనిషిని దింపేయడం చిన్న విషయం కాదు. మీ ఫిర్యాదేమిటో చెబితే ఆ గైడు సంగతి చూస్తాను. మళ్లీ పడవ ఎక్కదు."

మాస్టారు కూతురి వైపు చూశాడు. ఆమె చేతులు ఆగిపోయాయి. ఒక్క మాట చాలు. పెద్ద అబద్ధం కూడా ఆడక్కర్లేదు, నన్ను అవమానించిందంటే సరిపోతుంది, అది నిజం కూడాను. రేపు పొద్దున్న పిల్ల వచ్చి స్కూల్లో కూర్చుంటుంది. రోజూ కళ్లెదుటే ఉంటుంది, పొడిగా ఉంటుంది. ఆ పిల్ల తన పక్కన ఉండాలని ఆయనకి ఎంత కోరికో ఆ క్షణంలోనే పూర్తిగా తెలిసొచ్చింది.

"ఫిర్యాదేం లేదు," అన్నాడు. "గైడు చెబుతుంటే అడ్డం అరిచాను. ఇంకో మనిషి నీళ్లలో పడింది నా వల్లే. దింపకపోతే తప్పయ్యేది. ఆ అమ్మాయికి పడవ ఇచ్చేయండి."

"అది మీరు నాకు చెప్పక్కర్లేదు," అందావిడ. ఆయన ఎవరి పనైనా మధ్యలో అందుకుంటాడని ఆవిడకి అప్పటికే అర్థమైపోయింది. బుజ్జి వైపు తిరిగింది. "ఈయన నీకు ముందే తెలుసా?"

బుజ్జి తాడు కింద పెట్టింది. "మా నాన్న."

ఓనరావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. చాలాసేపు చూసింది. "పొద్దున్నే రా. నీ పడవకి నువ్వే గాలి కొట్టుకోవాలి," అని వెళ్లిపోయింది.

బుజ్జి వచ్చి తండ్రి పక్కన తడి ఇసకలో కూలబడింది. అవతల ఈదుతున్న వాళ్ల కేకలు వినబడుతున్నాయి.

"భయమేసిందే బుజ్జీ," అన్నాడాయన. "దాంట్లో నేను చేయగలిగింది ఒక్కటీ లేదు."

"తెలుసు నాన్నా." ఆయన భుజానికి తల ఆనించింది. హెల్మెట్ ఇంకా తీయలేదు, గట్టిగానే తగిలింది. "వచ్చే ఆదివారం మళ్లీ రా. కానీ వేరే గైడు పడవ ఎక్కు."

"మరి మీ అమ్మ?"

"అమ్మ నా పడవలోనే."

మాస్టారు కాస్త ఆలోచించాడు. సరేనన్నాడు.