నలభై వంటిళ్ళు, ఒక రౌటర్

రౌటర్ వేడెక్కలేదు. ముందు ఆ మాట చెప్పేస్తాను. బుధవారం నుంచీ జ్వరం చూసినట్టు దాని మీద అరచెయ్యి పెట్టి చూస్తూనే ఉన్నాను. శనివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకి అది గోరువెచ్చగా ఉంది, అంతే. ఆ గోరువెచ్చదనానికి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అంతకుముందు సోమవారం ఆ పరిస్థితి లేదు.

మాది గ్లేస్ బే, చలి సముద్రంలో ఒక దీవి మీది బొగ్గు గనుల ఊరు. నన్ను దీపాల మర్డాక్ అంటారు. మా నాన్న గనిలోకి దిగేవాళ్ళకి దీపాలిచ్చే గదిలో పనిచేసేవాడు, ఆ పేరు నాకూ అంటుకుంది. బడి ఎనిమిదో తరగతితో సరి. మిగతా చదువంతా యూనియన్ హాల్లోనూ తగాదాల్లోనూ అయింది. గని మూతపడ్డాక పోట్లాడ్డానికి ఇంకేం మిగల్లేదనుకుంటుంటే టేపులు దొరికాయి.

ఒకప్పుడు మా దీవిలో ఏ వంటింట్లో ఫిడేలు మోగినా, టీ కప్పుల మధ్య ఎవరో ఒకరు టేప్ రికార్డర్ పెట్టేవాళ్ళు. ఆ టేపులు చేతులు మారుతూ డెట్రాయిట్ దాకా, బోస్టన్ దాకా వెళ్ళేవి. నియమాలు రెండే. అమ్మకూడదు. ఇచ్చేటప్పుడు వాయించినవాడి పేరూ, ఏ ఇంటి వంటింట్లో వాయించాడో ఆ ఇంటి పేరూ చెప్పి ఇవ్వాలి. ఒక వంటింటి టేపులో ఇంకో వంటింటి పాట కలిపినవాణ్ణి మళ్ళీ ఎవరూ గుమ్మం ఎక్కనిచ్చేవారు కాదు.

మా టేపుల సంఘం అలాంటివి నలభై పోగుచేసింది. ఆ కుటుంబాలన్నీ సంతకాలు పెట్టి ఒప్పుకున్నాయి. శబ్దం పిసరంత తగ్గకుండా కంప్యూటర్లోకి ఎక్కించాం. కావాలని అడిగినవి నలభై మూడు ఇళ్ళు. టొరెంటు ద్వారా పంచుదామని మీటింగులో బల్ల గుద్ది వాదించింది నేనే. ఫైలు ముక్కలవుతుంది. ముక్క అందుకున్నవాడు పక్కవాడికి ఇస్తాడు. ఏ కంపెనీ అలమరాలోనూ పెట్టక్కర్లేదు, ఎవడికీ దణ్ణం పెట్టక్కర్లేదు. అయితే ఒకటి. మొత్తం సరుకు ఉన్నది నా ఒక్కడి ఇంట్లోనే. అందరికీ ఒకసారి పూర్తిగా చేరేదాకా నా లైను నిలబడాలి.

నిలబడలేదు. ఇంటర్నెట్ కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చిన రౌటర్ అరగంటకోసారి బిగుసుకుపోయేది. తీగ పీకి, పది లెక్కపెట్టి, మళ్ళీ గుచ్చేవాణ్ణి. పదకొండు రోజులు అదే పని. నలభై మూడు ఇళ్ళలో ఒక్క ఇంటికీ పూర్తిగా చేరలేదు.

సోమవారం పొద్దున ఎఫీ వచ్చింది. ఎఫీ గిల్లిస్ మా సంఘం కార్యదర్శి, ముప్ఫై ఏళ్ళు బళ్ళో చెప్పింది, ఇప్పటికీ అందర్నీ బెంచీ మీద నిలబెట్టేలా చూస్తుంది.

"మర్డాక్, నేను పోట్లాటకి రాలేదు" అంది గుమ్మంలోనే.

"అయితే తప్పు ఇంటికొచ్చావ్. కూర్చో, టీ పోస్తా."

ఆమె సంచిలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టింది. టొరంటోలో ఏదో సంస్థ. నలభై టేపులూ మేం తీసుకుంటాం, మా దగ్గర భద్రంగా ఉంటాయి, నెలనెలా చందా కట్టినవాళ్ళు వినొచ్చు అని రాశారు.

"చందానా? హ్యూయీ కొడుకు ఫిన్లే తన వంటింట్లో ఫిడేలు వాయించింది వినడానికి చందానా?"

"అరవకు. విండ్సర్ నుంచి రోరీ బీటన్ రోజూ ఫోను చేస్తున్నాడు. ఆ ఫిన్లే మేనల్లుడే. తొంభై ఒక్క శాతం దగ్గర ఆగిపోయిందట. 'ఏమ్మా, మా మావయ్య మోచేతులదాకా వచ్చాడు, వేళ్ళెప్పుడొస్తాయి' అంటున్నాడు. ఏం చెప్పమంటావ్?"

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

"సంఘంలో అందరూ విసిగిపోయారు" అంది ఎఫీ. "శనివారం మధ్యాహ్నం పన్నెండుకి నా జాబితా పట్టుకుని వస్తా. నలభై మూడు ఇళ్ళకీ నలభై టేపులూ చేరితే సరే సరి. ఒక్క ఇల్లు తగ్గినా ఈ కాగితం మీద సంతకం పెడతా. నాకూ ఇష్టం లేదు మర్డాక్. కానీ వినబడని టేపు ఎవరికి ఉపయోగం?"

ఆ ప్రశ్నకే నాకు ఎక్కువ కోపమొచ్చింది.

ఆ కోపంలోనే మా దీవిలోనే ఉన్న సిడ్నీ ఊరికి వెళ్ళి పెద్ద దుకాణంలో ఒక రౌటర్ కొన్నాను. నల్లటిది, వెల్లకిలా పడ్డ పీతలా ఉంది, ఎనిమిది యాంటెన్నాలు. "ఇంతకంటే వేగమైనది మా దగ్గర లేదు సార్" అన్నాడు అమ్మేవాడు. నిజమే చెప్పాడు. మంగళవారం పొద్దున బిగించాను. రెండు గంటలు పరిగెత్తింది. తర్వాత కాలి చచ్చుబడింది. దాని మీద టీ కెటిల్ పెట్టొచ్చు, అంత వేడి.

తీగ పీకి, దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, మంచు మీద పెడదామా అని ఆలోచిస్తుంటే పక్కింటి ఒడెట్ కంచె అవతల్నుంచి చూసింది. ఒడెట్ షియాసన్ ఫ్రెంచి మాట్లాడే షెటికాంప్ ఊరి మనిషి. టెలిఫోను కంపెనీలో ఫోన్లు కలిపే స్విచ్‌బోర్డు మీద ఇరవై రెండేళ్ళు కూర్చుంది. మా ఇద్దరికీ ముప్ఫై ఏళ్ళుగా కంచె గురించి తగువు.

"ఏంటయ్యా అది? పీతల బుట్టలోంచి తప్పించుకొచ్చిందా?"

"రౌటర్. వేగమైనది."

"వేగమైనదైతే బతికుండాలిగా. ఏం చేస్తున్నావు దాంతో?"

చెప్పాను. తిట్లతో సహా అంతా చెప్పాను. ఆమె చేతులు కట్టుకుని వింది.

"నీ కంప్యూటర్ దానికి తీగతో కలిపావా, గాలిలోనా?"

"తీగతోనే."

"మరి ఆ ఎనిమిది కొమ్ములూ ఎవరి కోసం? కాకులకా?"

నేను ఒక కొమ్ముని కిందికి వంచాను.

"ఒకేసారి ఎంతమంది మాట్లాడుకుంటున్నారు నీ పెట్టెలో?"

"నలభై మూడు ఇళ్ళు."

"నలభై టేపుల్నీ ఒకే మూటగా పెట్టావా?"

"మూటా? ఏ వంటిల్లు ఆ వంటిల్లే. నలభై టేపులు, నలభై టొరెంట్లు. కలిపితే ఒప్పుకుంటారా జనం?"

"అన్నీ ఒకేసారి తెరిచిపెట్టావా?"

"మరి? ఒకటి తెరిచి ఇంకోటి మూస్తే దీవి అవతలివైపు ఇన్వర్నెస్ వాళ్ళు ఊరుకుంటారా? గ్లేస్ బే టేపులే ముందిచ్చాడు దీపాల మర్డాక్ అని యాభై ఏళ్ళు చెప్పుకుంటారు."

ఒడెట్ కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. "నలభై నలభైమూళ్ళు... వెయ్యిన్నీ ఏడొందల ఇరవై. వెయ్యిన్నీ ఏడొందల ఇరవై లైన్లురా మొద్దూ! పైగా అయిపోయిన మాటల తీగలు ఇంకా గుచ్చే ఉంటాయి, పెట్టె వాటిని వెంటనే మర్చిపోదు. నా స్విచ్‌బోర్డు మీద పిచ్చి పట్టేది ఎవడో గంటసేపు మాట్లాడితే కాదు, అందరూ ఒకేసారి ఫోను ఎత్తితే. నువ్వు దుకాణంలో ఏమడిగావ్?"

"ఎంత వేగం అని."

"అదే తప్పు. ఎన్ని తీగలు పడతాయని అడగాలి."

ఆమె మా వంటింట్లోకి వచ్చింది. ముప్ఫై ఏళ్ళలో అది మూడోసారి. బల్ల మీదున్న ఖర్జూరం బిళ్ళ ఒకటి నోట్లో వేసుకుని, సిడ్నీలో పాత కంప్యూటర్లు బాగుచేసే డెస్మండ్‌కి ఫోను చేసింది. నేను పక్కన నిలబడి విన్నాను. పెళ్ళికొడుకు గురించి వాకబు చేసినట్టు అడిగింది.

"డెస్మండ్, నాకు రౌటరొకటి కావాలి నాయనా. అందం అక్కర్లేదు. వేగం సంగతి నాకు చెప్పకు. ఒకేసారి ఎన్ని సంభాషణలు గుర్తుంచుకుంటుంది? వేలల్లో చెప్పు... ఆ, అది చాలు. జ్ఞాపకశక్తి ఎంత? రోజుల తరబడి నిద్రపోకుండా ఉంటే వేడెక్కుతుందా? ఫ్యానుందా, ఒళ్ళు ఇనుమా? ఇనుమైతే మంచిది. చేసినవాళ్ళు ఇంకా బతికున్నారా, మరమ్మతులు పంపిస్తున్నారా? సరే. చివరిది. ఒకడు బండెడు సామాను మోస్తుంటే ఇంకొకడు చిన్న చీటీ పట్టుకుని పక్కనుంచి వెళ్ళగలడా? వెళ్ళగలడా! అయితే దాన్నే పక్కన పెట్టు. ఎవరికా? ఒక ముసలి గొడవల మనిషికి."

అది ఎవరో పళ్ళ డాక్టరు ఆసుపత్రి మూసేస్తూ ఇచ్చేసిన రౌటర్. బుధవారం తెచ్చుకున్నాను. పీతని దుకాణంలో వెనక్కిచ్చేశాను. కొత్తది బూడిదరంగు ఇనప పెట్టె, బైబిలంత ఉంది, ఒక్క కొమ్ము లేదు.

"ఇదా? చేపల డబ్బాలా ఉంది" అన్నాను.

"చేపల డబ్బా ఎప్పుడైనా బిగుసుకుపోయిందా?" అంది ఒడెట్.

బిగించాం. కంపెనీ రౌటర్‌ని నా ఫోను కోసం గాలిలో ఇంటర్నెట్ పంచే పనికి మాత్రం ఉంచాం. నలభై వంటిళ్ళూ తెరిచాను. గంట, రెండు గంటలు, మూడు. పడిపోలేదు. చప్పట్లు కొట్టబోతుంటే ఒడెట్ తెర మీద వేలు పెట్టింది. "చూడు, పడిపోలేదు గానీ ఎవరికీ ఏమీ అందట్లేదు."

నిజమే. నలభై మూడు ఇళ్ళకీ చుక్కచుక్కగా కారుతోంది. వెయ్యిమందికి ఒక జగ్గు పాలు పోసినట్టు. పైగా 'మీ మాట అందింది' అని నా యంత్రం వాళ్ళకి తిరిగి చెప్పే మాటకి కూడా దారి దొరకడంలేదు. నా లైనులో పైకి, అంటే ఇంట్లోంచి బయటికి, పంపే దారి అసలే సన్నం.

"ఇప్పుడు హద్దు పెట్టాలి" అంది ఒడెట్. "ఒకసారికి అయిదు వంటిళ్ళే. పైకి పోయేదాంట్లో అయిదోవంతు ఖాళీగా వదిలెయ్యాలి. అప్పుడే అందిందన్న కబుర్లు వెళ్తాయి."

"కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"జీవితమంతా గేట్లు బద్దలుకొట్టానమ్మా నేను! ఇప్పుడు నా గుమ్మానికి గేటు పెట్టుకుని, నువ్వు రా, నువ్వు ఆగు అంటానా? ఎవరి వంటింటిని ముందు మూయమంటావ్?"

ఒడెట్ అరవలేదు. అరిస్తే బాగుండేది, నాకు అలవాటు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సమ్మె రోజుల్లో హాల్లో అన్నాలు పెట్టారు, గుర్తుందా? బీన్సూ, రొట్టే. వీధి చివరిదాకా జనం. గుమ్మం దగ్గర ఎవరు నిలబడ్డారు?"

నేను కెటిల్ మూత తీసి లోపలికి చూశాను.

"నువ్వే. ఇరవైమంది లోపలికి, ఇరవైమంది బయటికి. మా ఆయన పిల్లని భుజం మీద వేసుకుని వస్తే 'ఆగు అల్ఫాన్స్, బల్ల ఖాళీ అవనీ' అన్నావ్. నీ మీద కోపంతో ఇంటికొచ్చాడు, కానీ కడుపు నిండి వచ్చాడు. ఆ రోజు ఎవరైనా ఆకలితో పోయారా?"

"లేదు."

"దాన్ని గేటన్నావా?"

"...వరస అన్నాం."

"ఊ. పెట్టు వరస."

ఆ హాలు గుమ్మం నాకు కళ్ళముందు కనిపించింది. మేం నలభైమందిని ఒకేసారి లోపలికి వదిలిన మొదటి రోజు కూడా. ఆ రోజు బీన్సు నేలపాలయ్యాయి, సగంమంది తినకుండా పోయారు. ఆ సంగతి నేనెవరికీ చెప్పను. ఒడెట్‌కి తెలుసు, అయినా ఎత్తలేదు.

వంటిళ్ళ పేర్లు చీటీలు రాసి టోపీలో వేశాం, ఇన్వర్నెస్ వాళ్ళు వేలెత్తి చూపడానికి లేకుండా. మొదటి అయిదు చీటీలు ఒడెట్ తీసింది. మొదటి చీటీయే ఫిన్లే వంటిల్లు. "నేను చూడలేదు" అంది. చూసిందనే నా అనుమానం. పైకి పోయేదానికి హద్దు పెట్టాను. ఆ అంకె టైపు చేస్తుంటే వేలు మొరాయించింది, ఆ మాట దాచను.

తెర మీద గీతలు కదిలాయి. చుక్కలు పోయి ధార మొదలైంది. సాయంత్రం టీ వేళకి మొదటి అయిదు వంటిళ్ళూ నా ఇంట్లోంచి పూర్తిగా బయటపడ్డాయి. ఆపైన వాటి పని వాటిదే. విండ్సర్ వాడు బోస్టన్ దగ్గరి వాల్థమ్ వాడికిచ్చాడు, వాల్థమ్ వాడు టొరంటో వాడికిచ్చాడు. గురువారం పదిహేను, శుక్రవారం ఇంకో పదిహేను. చివరి అయిదూ శనివారం పొద్దున తెరిచాను. ఈ మూడు రోజుల్లో రౌటర్ తీగ ఒక్కసారీ పీకలేదు. చెయ్యి మాత్రం పెట్టాను.

"దాన్ని తడమడం మానెయ్" అంది ఒడెట్. "కోడి పొదిగినట్టు ఏంటది?"

శనివారం పన్నెండుకి ఎఫీ వచ్చింది, బూట్ల మంచు కూడా దులపకుండా. జాబితా తీసి ఒక్కొక్క ఇంటి పేరూ చదివింది. నేను తెరలో చూసి "చేరింది" అన్నాను. ఆమె టిక్కు పెట్టింది. చేరింది. చేరింది. నలభై రెండిటికీ చేరింది.

"రోరీ బీటన్, విండ్సర్."

చివరి టేపు దగ్గర తొంభై తొమ్మిది. ఒడెట్ బల్ల మీది చెంచాని తిప్పుతూ కూర్చుంది. ఎఫీ పెన్ను గాల్లో పట్టుకుని ఆగింది. రౌటర్ మీద పచ్చదీపం తన మానాన తను రెప్పలు కొడుతోంది. అంకె మారింది.

"చేరింది" అన్నాను. అరిచినట్టున్నాను.

ఎఫీ టిక్కు పెట్టి, పెన్ను మూసి, కుర్చీలో వెనక్కి వాలింది. ఎఫీ అలా వెనక్కి వాలడం నేనెప్పుడూ చూడలేదు. టొరంటో కవరు తీసి, నా వంటింటి పొయ్యి కేసి చూసి, మళ్ళీ సంచిలో పెట్టుకుంది. "మర్యాదగా జవాబు రాయాలి. నువ్వు రాయకు" అంది. ఆ తర్వాత, "ఆ కెటిల్ పొయ్యి మీద పెడతావా, లేకపోతే దానికీ వరసేనా?"

టీ మరుగుతుండగా ఫోను మోగింది. రోరీ. అతని వెనక ఫిడేలు, దాంతోబాటే నేలని తన్నే బూటు చప్పుడు. ఎవరో ఆడమనిషి 'తలుపు వెయ్యండర్రా, చలి' అని కేకేసింది. ఆ టేపులోనే.

"మా అత్త గొంతు ఇది" అన్నాడు రోరీ. "మర్డాక్, నాకు వచ్చేసింది కదా, ఇక పంచడం మాని యంత్రం ఆపెయ్యనా?"

"ఫిడేలు పెట్టెలో పెట్టకముందే లేస్తావా?"

"లేదులే" అన్నాడు. "ఉంచుతా."

ఒడెట్ రెండో ఖర్జూరం బిళ్ళ తీసుకుని, కంచె సంగతి ఇవాళ మాట్లాడుకుందామా అంది. ఇవాళ వద్దన్నాను. సరేనంది.