ముప్పై రెండు సంతకాలు

సర్కారు బడిలో టీచరు ఉద్యోగానికి ఆర్డరు వస్తే కాలదన్నుకున్న మహా తెలివైనదాన్ని నేను. అది 1979. మా నాన్న లాజరు కాలవల్లో పూడిక తీసే కూలీ. ఆ సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు.

"సర్కారు బడికైతే ఎవరైనా వెళ్తారమ్మా సుగుణా. లంకలో ఆడకూలీలకి నువ్వు చెప్పకపోతే ఎవరు చెప్తారు?" అన్నారు మాణిక్యాలరావు గారు. ఆయన మా సేవా సంఘం కార్యదర్శి. అమలాపురంలో నా ట్రైనింగు ఫీజు కట్టినాయన. ఆయన మాటంటే నాకు బైబిలు వాక్యంతో సమానం. వెంటనే సంఘంలో చేరిపోయాను.

పి.గన్నవరం రేవులో పడవెక్కి రోజూ మధ్యాహ్నం గోదావరి మధ్యనున్న లంకకు వెళ్ళేదాన్ని. ముప్పై ఇద్దరు ఆడవాళ్ళు. వరద వేసిన మేటలో పదేళ్ళుగా వంగ, దోస, పొగాకు పండించుకుంటున్నారు. ఆ నేలకు పట్టాలిస్తామని సర్కారు చెప్పింది. వాళ్ళకున్న ఆశంతా అదే.

"ముందు సంతకం నేర్పించమ్మా, అక్షరాలు తర్వాత చూద్దాం. ఇన్‌స్పెక్షనుకి వచ్చేవాళ్ళు చూసేది అదే," అన్నారు మాణిక్యాలరావు గారు. సరేనన్నాను. ముగ్గు నేర్పినట్టు ఒక్కొక్కరికి వాళ్ళ పేరు గీయడం నేర్పాను. అరవై దాటిన అచ్చాయమ్మ తన పేరు ఇసకలో పుల్లతో దిద్దింది, పొయ్యిగట్టు మీద బొగ్గుతో దిద్దింది. నెలకల్లా వచ్చేసింది. ఆవేళ ఇంటింటికీ తిరిగి పలక చూపించుకుంది.

ఆ తర్వాత ఒకరోజు మాణిక్యాలరావు గారు తానే పడవ దిగి వచ్చారు. చేతిలో మూడు పేజీల కాగితం.

"పట్టాల అర్జీ అమ్మా. రేపే ఇచ్చెయ్యాలి. అందరిచేతా సంతకాలు పెట్టించు."

పెళ్ళిపందిట్లో చదివింపులకు లేచినట్టు లేచారు ఆడవాళ్ళు. అచ్చాయమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. మాణిక్యాలరావు గారు ఎందుకైనా మంచిదని తెచ్చిన వేలిముద్రల ఇంకు డబ్బీని పక్కకి నెట్టేసింది. "తియ్యండి బాబూ, ఇంకా దాంతో పనేటండీ మాకు!" అని నవ్వి, నాలుక బయటపెట్టి ఒక్కో అక్షరం గీసింది. చివర సాక్షి అన్నచోట నేను పెట్టాను. ఆయన ఇచ్చిన కాగితం చదవడమేమిటి?

రెండు నెలలు తిరగకుండా సర్వే వాళ్ళు గొలుసుతో దిగి, దోసపాదుల మధ్య హద్దురాళ్ళు పాతారు. ఆ నేల సంఘానికి వెళ్ళిపోయిందన్నారు.

తాలూకా ఆఫీసుకు పరుగెత్తాను. గుమస్తా ఫైలు తీసి చూపించాడు. 'సదరు భూమిలో మేము సాగు చేయుట లేదు. సంఘము వారి శిక్షణ కేంద్రమునకు, కొబ్బరి తోటకు ఇచ్చుటకు మాకు ఎట్టి అభ్యంతరము లేదు.' కింద ముప్పై రెండు సంతకాలు. అన్నీ నేను చెయ్యి పట్టి దిద్దించినవే. వాటి కింద, సాక్షి: కె. సుగుణ, ఉపాధ్యాయిని.

నేరుగా మాణిక్యాలరావు గారి ఇంటికి వెళ్తే, ఆయన వరండాలో కాఫీ తాగుతున్నారు.

"పట్టాల అర్జీ అని ఎందుకు చెప్పేరండీ?"

"కోప్పడకమ్మా. తలా కుంచెడు నేల ముక్క పంచితే ఏం బాగుపడతారు? సెంటరు కడితే వాళ్ళకే పని దొరుకుతుంది. నిన్నే దానికి పెద్దని చేద్దామనుకుంటున్నాను."

"నాతో అబద్ధం చెప్పేరు."

ఆయన కప్పు కింద పెట్టారు. "కాగితం నీ చేతికే ఇచ్చేనమ్మా. చదువుకున్నదానివి. చదవొద్దన్నానా?"

కంచే చేను మేసిందని ఊరికే అనలేదు పెద్దలు. నాకు చదువు చెప్పించింది ఆ చదువుని ఇలా వాడుకోవడానికేనా అని అరవాలనిపించింది. అరవలేదు. ఏడుస్తూ గేటు దాటి వచ్చేశాను. ఆ ఏడుపు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మర్నాడు మోసం చేసి సంతకాలు తీసుకున్నారని నేనే అర్జీ రాసి లంకకు తీసుకెళ్ళాను. జరిగిందంతా దాచకుండా చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఇంకు డబ్బీ తెచ్చేవా?" అంది అచ్చాయమ్మ.

"నీకు సంతకం వచ్చు కదా అత్తా?"

"వచ్చమ్మా, ఆయ్. మా అయ్య కాలం నించీ చూత్తన్నాను, ఏలిముద్ర ఏయించుకునేవోడు ముందు కాయితం సదివి ఇనిపించేవోడు. సదివి ఇనిపించేమని అందులోనే రాసేవోడు. మాకు సంతకాలొచ్చేక ఎవరూ సదివి ఇనిపించలేదు. నువ్వూ ఇనిపించలేదు."

ఎదురింట్లోంచి డబ్బీ అడిగి తెచ్చారు. నేను అర్జీ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాను. అర్థం కానిచోట ఆపి, మళ్ళీ చదివించుకుంది అచ్చాయమ్మ. తర్వాత ముప్పై ఇద్దరూ వరసగా వేలిముద్రలు వేశారు.

సాక్షి అన్నచోట సంతకం పెట్టబోయాను. అచ్చాయమ్మ కాగితం మెల్లగా తన వైపు లాక్కుంది.

"నువ్వొద్దులేమ్మా," అంది.