దారి వాటా

మా కొబ్బరితోట పొడుగు దొర పిల్లలు ముగ్గురు. ఇద్దరు పెళ్ళాం కన్నవాళ్ళు, మూడోదాన్ని నేను. ఈ సంగతి డెబ్బై మూడేళ్ళుగా, మా వాళ్ళు ఓడెక్కి కూలికొచ్చిన ఈ బాగన్ దాతుక్‌లో అందరికీ తెలుసు, కాగితానికి తప్ప. మొన్న ఫిబ్రవరిలో కాగితానికీ తెలిసింది.

ఇంగ్లండులో దొరసాని తొంభై ఆరో ఏట పోయింది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ కొబ్బరితోటను పంచకూడదని వీలునామా రాసి దొర ముప్పై ఏళ్ళ కిందటే చచ్చాడు. ఇప్పుడు పంచాలి. వకీలు దేవన్ మా ఇంటికొచ్చి, అందులో 'పోలమ్మ కూతురు రత్నావతి' అని నా పేరు కూడా ఉందన్నాడు. చావు దగ్గరపడ్డాక భయం పట్టుకుని రాసుంటాడు. నేను ఏడవలేదు. ఇంకా ఏం రాశాడని అడిగాను.

"పెద్దబిడ్డ మూడు వాటాలెయ్యాలంట పెద్దమ్మా. మిగిలినోలు ముందు ఏరుకుంటారు. ఆకర్న మిగిలింది ఏసినోలికి. పెద్దబిడ్డవి నువ్వే."

నాకు నవ్వొచ్చింది. అది మన పద్ధతి. కూలీలుండే వరస ఇళ్ళను ఇక్కడ లయాలంటారు. మా లయాల్లో అన్నదమ్ములు వేరుపడితే, పంచిన చెయ్యి చివర్న తీసుకోవాలి. అప్పుడుగానీ వాటాలు సమంగా పడవు. అలాంటి తగువులు ఎన్ని తీర్చాడో ఆ దొర. మా దగ్గర నేర్చుకున్న మంచిబుద్ధి అదొక్కటే.

నాకు కావలసింది ఒకటే, దారి. పెద్ద రోడ్డు నుంచి తోట మధ్యగా బంగళా దాకా రెండు మైళ్ళ ఎర్రమట్టి దారి. తోటలోకి పోవడానికి ఉన్నది అదొక్కటే. దొరసాని ఓడ దిగబోతోందని, మూడు నెలల నన్ను చంకనేసుకున్న మా అమ్మను ఆ దారి మీదే వెళ్ళగొట్టారు. తోట లారీ ఖాళీగా పక్కనుంచే పోయిందట, ఆపలేదట. అమ్మ సుంగై సిపుట్ రబ్బరుతోటలో చేరి నన్ను పెంచింది. దొర చేసిన మోసం గురించి ఒక్కనాడూ నోరెత్తలేదు. లారీ ఆపలేదన్న మాట మాత్రం పోయేదాకా అంటూనే ఉంది. మనిషికి ఏది ఎక్కడ గుచ్చుకుంటుందో ఎవరు చెప్పగలరు!

ఖర్మ చూడండి, పెళ్ళయ్యాక నేను మళ్ళీ ఈ తోటకే వచ్చాను. ముప్పై ఏళ్ళు ఇక్కడే కాయలు వలిచాను. ఈ నేలలో ఏది ఎక్కడుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. వాళ్ళకు తెలిసింది మ్యాపు.

మూడు వాటాలు వేశాను. మొదటిది బంగళా, అందులోని వెండి సామాను, పియానో, టేకు బల్లలు, చుట్టూ ముప్పై ఎకరాలు. రెండోది సముద్రం వైపు నలభై ఎకరాలు. మూడోది కొబ్బరి ఎండబెట్టే పాత షెడ్డు, కూలిన లయాలు, ఎర్రమట్టి దారి, అన్నీ కలిపి ఆరెకరాలు లేవు. ఏదీ దాచలేదు. 'దారి' అన్న మాటను విడిగా ఒక వరసలో టైపు కొట్టమని దేవన్‌కి నేనే చెప్పాను.

దేవన్ ఆఫీసులో దొర కూతురు హేజల్ బంగళా అడిగింది, టూరిస్టులకు అద్దెకిస్తుందట. కొడుకు రూపర్ట్ సముద్రం వైపు తీసుకున్నాడు. కాగితం పూర్తిగా చదవనైనా లేదు. పుట్టినప్పటినుంచీ కారు వాళ్ళ కాళ్ళ దగ్గరికే వచ్చింది. కారు కింద ఉన్న దారికి కూడా ఒక యజమాని ఉంటాడని వాళ్ళకెలా తోస్తుంది? హేజల్ నా చెయ్యి పట్టుకుని, పాపం నీకేమీ మిగల్లేదు, కావాలంటే వెండి చెంచా ఒకటి ఉంచుకోమంది. థాంక్యూ అన్నాను.

"బాగా ఆలోసించినావా పెద్దమ్మా?" అన్నాడు దేవన్ నెమ్మదిగా.

"సంతకాలు కానీ బాబూ."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. పేరు మారిన కాగితం చేతికి రాగానే దారి మొదట్లో గొలుసు కట్టి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మూడో రోజు పొద్దున రూపర్ట్ అద్దె కారులో వచ్చి హారన్ కొట్టాడు. నేను కదల్లేదు. కారు దిగాడు.

"తియ్యి. నేను లోపల పోవాల."

చిన్నప్పుడు ఆయా దగ్గర నేర్చిన తెలుగు. అన్నీ ఆజ్ఞలే.

"కాయితం సదవలేదేటి? దారి నాది."

"కోర్టు దారి ఇస్తది."

"ఇస్తాది. నాలుగేళ్ళో అయిదేళ్ళో."

"నాకు డెబ్బై!"

"నాకు డెబ్బై మూడు. నాకేటి తొందర?"

అతని మొహం కందిపోయింది. నా కడుపు చల్లబడింది. ఆ చల్లదనాన్ని కాసేపు అలాగే అనుభవించాను, సిగ్గేమీ పడలేదు.

"కారు ఎల్లదు. మనిసి ఎల్లొచ్చు. సెప్పులు సేత్తో పట్టుకుని నడు."

"ఎందుకు?"

"నేను కొత్త పెళ్ళికూతురిగా ఒచ్చినప్పుడు పద్దెనిమిదేళ్ళు నాకు. మీ బంగళా ముందు కూలోలు సెప్పులెయ్యకూడదు, సైకిలెక్కకూడదు. నువ్వు సెలవులకొచ్చి వరండాలో కూకుని సూసినావు. నవ్వినావు."

"గుర్తు లేదు."

"నాకుంది."

 అతను కారు తలుపు తెరిచి, సీటు అంచున కూర్చుని, బూట్లు విప్పాడు, మేజోళ్ళు తీశాడు. తెల్లటి పాదాలు ఎర్రమట్టి మీద పెట్టాడు. రెండు పాదాలకూ చిటికెన వేలు పక్క వేలి మీదకెక్కి ఉంది.

అచ్చం అలాగే ఉన్న నా కాళ్ళకేసి చూసుకున్నాను. అతనూ అటే చూశాడు. చిన్నప్పుడు నాకు నూనె రాసేటప్పుడు అమ్మ ఆ వేలు దగ్గరికి రాగానే మాట ఆపేసేది. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు.

అతను తలెత్తాడు. "అక్కా," అన్నాడు.

అబద్ధం ఆడను, ఆ మాటకు కరిగాను. డెబ్బై మూడేళ్ళలో తోడబుట్టినవాడు పిలిచిన మొదటి పిలుపు అది. అదీ కాళ్ళకు చెప్పులు లేనప్పుడే పిలిచాడు.

"ఇప్పుడు తెలిసినాదా వరస?" అన్నాను. "నడు."

బూట్లు చేత్తో పట్టుకుని గొలుసు దాటాడు. కొంత దూరం పోయాక రాయి గుచ్చుకుని కుంటుతూ ఆగి వెనక్కి చూశాడు. నా చిటికెన వేలు సలిపింది. అయినా పిలవలేదు.