కారు తిన్న కుట్టుమిషన్లు

ఆ కారు మొదటిసారి తన ఇంటి ముందు ఆగిన తేదీ మెకానిక్‌కి ఇప్పటికీ గుర్తే. మార్చి తొమ్మిది. ఉడికించిన గుడ్డు, ముందురోజు బ్రెడ్డు తింటున్నాడు. హారన్ విని వీధిలోకి వచ్చేసరికి సగం గుడ్డు చేతిలోనే ఉండిపోయింది. నల్లటి కారు. మెరిసే దాని తలుపులో తన బనియను చిరుగు కూడా కనిపించింది. ఆ సగం గుడ్డు కాకులకి విసిరేశాడు.

అది జరిగి పదకొండేళ్లు. ఇవాళ షెడ్డులో అతను ఒక పాత వ్యాను స్పార్క్ ప్లగ్గుల మసిని తీగ బ్రష్షుతో గీకుతుండగా, అదే కారుని ఒక లారీ మోసుకొచ్చి వాకిట్లో దింపింది. ముందు ఎడమవైపు కూలబడిపోయి ఉంది. లారీలోంచి దిగినవాళ్లు అతని తోడల్లుడు, మరదలు. తోడల్లుడిది కర్టెన్లు కుట్టే షాపు. చొక్కా మడత నలగకుండా కూర్చుంటాడని మెకానిక్ మనసులో అతనికి పెట్టుకున్న పేరు దొర.

మెకానిక్ కడుపులో ఏదో చల్లగా దిగింది. అది సంతోషమని తెలిసి, తల వంచుకుని చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

పదకొండేళ్లు కుళ్లుకున్నాడు మరి. చుట్టాలింట్లో ఏ శుభకార్యమైనా నీడపట్టు ఆ కారుదే. "ఏమండీ, మీ స్కూటరు కాస్త అవతల పెట్టండి, కారుకి గీత పడుతుందేమో" అనేది ఎవరో కాదు, సొంత భార్యే.

కానీ ఆ కారు ఏం తింటుందో అతనికి తెలిసినంతగా దొరకే తెలియదు. ధర ఒక్కసారి పెట్టేది. మేత మాత్రం ఏళ్ల తరబడి. నాలుగు టైర్ల డబ్బుకి మెకానిక్ స్కూటరులాంటివి రెండొచ్చేవి. బ్రేకులు మార్పించిన ఏడాది షాపులో కుట్టుమిషను ఒకటి తగ్గింది. హెడ్‌లైటు పగిలిన ఏడాది ఇంకొకటి. ఆరింటికి రెండు మిగిలాయి. ఒకదాని మీద మరదలే కూర్చుంటోంది.

కొనకముందు దొర వచ్చి అడిగాడు: "అన్నయ్యా, నేను తట్టుకోగలనా దీన్ని?" మెకానిక్ పెద్ద కార్ల వర్క్‌షాపులో రెండేళ్లు పనిచేసిన మనిషి. తట్టుకోలేవని చెప్పాలి. చెబితే కడుపుమంట అంటారు. అది నిజంగానే కడుపుమంట కూడా కావడంతో నోరు పెగల్లేదు. "నీకేం తక్కువ తమ్ముడూ" అనేసి ఊరుకున్నాడు.

"రిపేరుకి కంపెనీ వాళ్లు చాలా చెప్పారన్నయ్యా" అన్నాడు దొర ఇప్పుడు. "షాపు ఖాళీ చేసి అడ్వాన్సు వెనక్కి తీసుకుంటే సరిపోద్ది. మిషన్లు ఇంట్లో వేసుకుంటాం. నువ్వు సరే అంటే చేయించేస్తా."

"మీరు చెప్తేనే వింటారు బావగారూ. నా మాట గాలికిపోయింది" అంది మరదలు.

మెకానిక్ టార్చి పట్టుకుని కారు కిందికి దూరాడు. ఎడమవైపు చక్రం మీద స్ప్రింగుకి బదులు కారు బరువు మోసే గాలి రబ్బరు తిత్తి చిరిగిపోయింది. కుడివైపుదీ పగుళ్లు విచ్చింది. 'చేయించు' అంటే చాలు, షాపు కూడా దీని కడుపులోకి పోతుంది. తప్పుపట్టేవాళ్లు లేరు. ఆ మాట నాలుక చివర తియ్యగా ఆడింది.

అక్కడి నుంచి దొర బూట్లు కనిపించాయి. పైన పాలిష్ నిగనిగలాడుతోంది. అడుగులకి మాత్రం పాత స్కూటరు టైరు ముక్కలు కొట్టించుకున్నాడు.

మెకానిక్ బయటికొచ్చాడు.

"అమ్మెయ్ తమ్ముడూ. విడిభాగాలకి ఎంతొస్తే అంత."

"ఈ ఒక్కసారికి చేయిస్తే..."

"ఈ పక్కది అయితే ఆ పక్కది. దీని ఆకలి తీరేది కాదు. పదకొండేళ్ల కిందటే చెప్పాల్సింది. తెలుసు నాకు. చెప్పలేదు."

"ఎందుకు?"

"కుళ్లు."

దొర బానెట్ మీద దుమ్ము వేలితో తుడిచాడు.

"నేను కొన్నదే నువ్వు కుళ్లుకోవాలని కదా" అన్నాడు. "మామగారు ముద్ద ముద్దకీ నీ చేతిపనే పొగిడేవాడు. పెద్దల్లుడు ముట్టుకుంటే ఇనుము కూడా మాట వింటుందని. నా కర్టెన్ ఒక్కదాన్ని బాగుందన్నాడా?"

"నాతో ఎప్పుడూ అనలేదే ఆ మాట!"

"నీ ముందెందుకంటాడు?"

"బాగుంది సంబడం" అంది మరదలు. "ఇద్దరి కుళ్లుకీ కలిపి నా మిషన్లు నాలుగు పోయాయి."

ముందు నవ్వింది ఆమే. తరువాత దొర. మెకానిక్‌కి నవ్వు రావడానికి కొంచెం సేపు పట్టింది.

సాయంత్రం పాత కార్లు కొనే మనిషి వచ్చి దాన్ని లారీ ఎక్కించుకుపోయాడు. మలుపు తిరిగేదాకా దొర చూశాడు. భార్యాభర్తలిద్దరూ బస్సు కోసం నడిచి వెళ్లారు. రోడ్డు దాటేటప్పుడు మరదలు మొగుడి మోచెయ్యి పట్టుకుంది, దాటాక కూడా వదల్లేదు. మెకానిక్‌కి మళ్లీ కుళ్లు పుట్టింది. తన భార్య అలా చెయ్యి పట్టుకుని నడిచి ఎన్నేళ్లయిందో లెక్క తేలలేదు.

పానాలు సర్ది, దీపం ఆర్పి, షెడ్డు తలుపు చప్పుడు కాకుండా మూశాడు. లోపల గోడకి ఆనించి, ఉంచుకోమని దొర వదిలేసి వెళ్లిన స్టెప్నీ టైరు ఉంది. షెడ్డుకొచ్చే ఏ బండికీ పట్టని కొలత; ఇన్నేళ్లలో ఒక్కసారీ రోడ్డు ఎక్కలేదేమో, కొత్త టైరుకుండే సన్నటి రబ్బరు నూగు దాని మీద ఇంకా నిలబడే ఉంది.