మునుగు పడవకే మొదటి దారి

చదువరులారా, అరువదవ యేట అక్షరములు దిద్దిన చేయి వ్రాసిన కథ యిది. తప్పులుండును, మన్నింపుడు. అరసున్న యెచ్చట నుంచవలయునో నాకిప్పటికిని తెలియదు గావున దానిని మొత్తముగనే విడిచిపెట్టితిని. ఒక్క పుట నింపుటకు నాకు మూడు దినములు పట్టును. నాకు చదువు చెప్పిన కామేశ్వరమ్మగారు తమ తండ్రిగారి కాలపు పుస్తకములు తప్ప వేరెవ్వియు నింట నుంచుకొననివారు గనుక నాకబ్బిన వ్రాతభాష యిదొక్కటే. కథ చెప్పువారు మాటిమాటికి నేను నేను అనుచుండిన వినువారికి విసుగు పుట్టునని యామె చెప్పిరి. అందుచే నా కథయే యైనను నన్ను నేను ఆమె యని వ్రాసికొనుచున్నాను. మా నోటి మాటలను మాత్రము ఆడినవి ఆడినట్లే యుంచితిని. వానిని దిద్దుటకు నాకు మనసొప్పలేదు.

అది కార్తికమాసము. మూడు దినములు నింగిని నేలను ఏకము చేసి పెనుగాలులతో తాటిచెట్ల తలలు విరిచి తీరమునెల్ల నుప్పునీట ముంచియెత్తిన తుపాను నాలవనాటి యుదయమునకు అలసి సొలసి పడమటి కొండల చాటునకు తొలగిపోగా తోమి బోర్లించిన కంచుపళ్లెమువలె మెరయుచు సూర్యబింబము సముద్రమునుండి పైకి లేచెను. ఆ వెలుగున కొండదిబ్బపాలెమను మత్స్యకారుల పల్లె తన గాయములను తానే చూచుకొనుచుండెను. కప్పులు లేని గోడలును గోడలు లేని గుంజలును సరుగుడు కొమ్మలకు చిక్కి వ్రేలాడు వలలును తప్ప నచట నిలిచియున్నది మరేమియు లేదు. పల్లెకెదురుగ సముద్రమున తెల్లని దేహముపై నెర్రని గుర్తు దాల్చి నౌకాదళమువారి యాసుపత్రి ఓడ లంగరు దించి నిలిచియుండెను.

ఆ పల్లెలో మైలపల్లి దానయ్యయను పడవ నడపు సరంగు కలడు. ఇరుసు వంటి నడుమును ఇనుప గడల వంటి కాళ్లును గలవాడు. కెరటము విరుగు చోట పడవను కదలనీయక తెడ్డుతో నిలిపి యుంచుటయందు ఆ తీరమున వానిని మించినవాడు లేడని పేరు. ఆ పేరున కొక కారణము కలదు. సముద్రము పోటెత్తిన దినమున వేటనుండి మరలు పడవలన్నియు నొక్కసారిగ నొడ్డునకు రాజాలవు. కెరటముల నడుమ నొక్క పడవకే దారి యుండును. అట్టి వేళ ఇసుకదిబ్బపై నిలిచిన కులపెద్ద భుజము మీది తుండుగుడ్డ తీసి యే పడవ దిక్కుగ నూపునో ఆ పడవయే ముందు రావలెను. తక్కినవి వెలుపల నాగవలెను. కులపెద్ద గుడ్డ యూపునది తన కొడుకు పడవకు కాదు, తన యూరి పడవకు కాదు, ఏ పడవలో నీరెక్కువ చేరెనో ఆ పడవకే. అది పగవారి రేవు పడవ యైనను సరియే. అది యేయూరి పడవ యని నోరు తెరచి యడిగినవానికి ఆ వారమెల్ల వల దింపు హక్కు లేదు. తాత ముత్తాతలనాటి నుండి వచ్చుచున్న ఈ కట్టుబాటు పుస్తకములలో లేదు గాని పల్లెలోని ప్రతి శిశువునకును తెలియును.

తుపాను తొలగుచున్న ఆ నాలవనాటి తెల్లవారుజామున మిగిలిన పడవలను దిబ్బపైకి లాగుచుండగా నొక కెరటము వచ్చి పడవను పొరలించుటచే దానయ్య కుడికాలు మోకాలి క్రింద దాని యడుగున నలిగెను. అతని భార్య తన కొంగు చింపి తొడకు బిగించి నెత్తురు నిలిపెను. ఎండ యెక్కునాటికి నౌకాదళపు చిన్న పడవ వచ్చి అతనిని ఓడపైకి జేర్చెను. ఆమెయు కులపెద్ద గనగళ్ల ఎల్లాజీయు వెంట నేగిరి. ఆమె పేరు పరదేశమ్మ. అప్పటికామెకు ముప్పదియైదేండ్లు. ఒక్క అక్షరము రాదు.

ఓడలో శస్త్రచికిత్స చేయు గది యొకటే. శస్త్రవైద్యుడును ఒక్కడే, శేషగిరియను నతడు. ఆ గది తలుపు ముందర రెండు మంచములు ప్రక్కప్రక్కన నుండెను. ఒకదానిపై దానయ్య సూదిమందు మత్తున కన్నులు మూసియుండెను. రెండవ దానిపై ఇరువదియైదేండ్ల వాడొకడు, మన పలుకు కాని పలుకుతో నేదో గొణుగుచు పడియుండెను. ముందునాటి గాలికి బండలపై నెక్కి బ్రద్దలైన యొక పరదేశపు సరకు ఓడ నావికుడు వాడు. వాని కడుపు ఉబ్బి రాయివలె గట్టిపడియుండెను. పెదవులు సున్నము వలె తెల్లబారియుండెను.

వైద్యుడు వెలుపలికి వచ్చి పరదేశమ్మ యెదుట నిలిచెను. రెండు దినములుగ నిదుర లేని కన్నులు వానివి.

"అమ్మా, నీకు దాచకుండా చెప్తాను. నీ భర్త కాలికి కట్టు కట్టి నాలుగు గంటలైంది. ఇప్పుడు లోపలికి తీసుకెళ్తే కాలు దక్కుతుంది. ఇంకో రెండు గంటలు ఆగితే కాలు తీసేయాలి. ప్రాణానికైతే భయం లేదు."

"అయితే తీసుకెల్లండి బావూ, నిలబడి సూత్తారేటి?"

"ఆ పక్కవాడికి కడుపులో నెత్తురు కారుతోంది. ఇప్పుడు కోసి ఆపితే బతకొచ్చు. గంట ఆగితే బతకడు."

ఆమె యా నావికుని వైపు చూచెను.

"మరి నన్నెందుకు అడుగుతున్నారు బావూ?"

"ఈ ఓడ మన నీళ్లలో ఉంది. మన నీళ్లలో ఉన్నప్పుడు మనవాళ్లకే ముందు అని రాతపూర్వకంగా ఆర్డరు. నా అంతట నేను వరస మార్చలేను. మీ వాళ్ల తరఫున ఒప్పుకుని కాగితం మీద వేలిముద్ర వేస్తేనే మార్చడానికి వీలు."

ఎల్లాజీ యంత వరకు గోడకు చేరగిలబడి యుండెను. ఆ మాట చెవిని పడగనే వాడు లేచెను.

"ఏలిముద్రా లేదు, ఏటీ లేదు. ఆర్డరు సక్కంగా ఉంది కదా, అలగే సెయ్యండి. మన పన్నుల మీద కట్టిన ఓడ ఇది. మావోల్లు పన్నెండు మంది ఆ సంవచ్చరం గాలికి కొట్టుకుపోయి అవతల దేశం ఒడ్డున పడితే ఏటి సేసినారు బావూ? మందెయ్యనేదు సరికదా, తొమ్మిది నెల్లు జైల్లో కూకోబెట్టినారు. నా తమ్ముడు సెయ్యి కుల్లిపోయి ఒచ్చినాడు. ఇప్పుడు ఆల్లోడికి మనోడి కాలు ఇచ్చీమంటారేటి?"

ఎల్లాజీ చెప్పినది నిజము. పల్లె యెల్ల నెరుగును. పరదేశమ్మయు నెరుగును, మొండిచేతి ఆ తమ్మునికి తానే రెండు మాసములు అన్నము కలిపి పెట్టియుండెను. ఓడ యెవరి సొమ్ముతో కట్టబడెనో వారికి దానిపై నధికారము లేదని యెవరనగలరు? కాలు పోయిన సరంగు ఇంట పొయ్యి యెట్లు వెలుగును? ఇద్దరు బిడ్డలు. దానయ్య కాళ్లే ఆ యింటి దూలములు. ఇవన్నియు నామె మనసున నొకదాని వెనుక నొకటిగ వచ్చి నిలిచెను. ఏదియు నబద్ధము కాదు.

అయినను ఆమె చూపు మాత్రము ఆ రెండు మంచములను విడువలేదు. ఒకదానిలో కట్టు బిగిసియున్నది, నెత్తురు నిలిచియున్నది, శ్వాస నిలకడగ నాడుచున్నది. రెండవదానిలో క్షణక్షణము నీరు చేరుచున్నది. ఇరువదియేండ్లుగ ఇసుకదిబ్బపై నిలిచి భర్త పడవ కెరటములకు వెలుపల నాగియుండగా పరాయి రేవు పడవ ముందుగ నొడ్డు చేరుట చూచిన కన్నులామెవి. ఒక్కసారియైనను గుడ్డ యిటు త్రిప్పుమని యరవలేదు.

ఆమె రెండడుగులు వేసి ఎల్లాజీ భుజము మీది తుండుగుడ్డను లాగికొనెను.

"ఓలమ్మీ, ఏటిది? ఒగ్గు!"

ఆమె వదలలేదు. ఆ గుడ్డను చేతనెత్తి నావికుని మంచము దిక్కుగ మూడుమార్లు ఊపెను.

"పేరుకి తగ్గదానివే నువ్వు! పరదేశమ్మవి పరదేశమ్మవే!" అని ఎల్లాజీ పండ్లు కొరికెను. "పిచ్చి గాని పట్టిందేటే నీకు? అది సముద్రం, ఇది ఆసుపత్రి."

"ఆ పడవ ఏ ఊరిదని అడిగినావు పెద్దా. గుడ్డ నీ భుజం మీద ఉండగా అడిగినావు. అందుకే తీసుకున్నాను."

ఎల్లాజీ నలువది యేండ్లుగ తాను ఊపిన గుడ్డ వంక చూచెను, మంచముల వంక చూచెను, తల వంచుకొని గోడ దగ్గరకు పోయి కూలబడెను.

వైద్యుడు కాగితమును తెలుగుననే రెండు ప్రతులుగ వ్రాసెను. ఆమె దానిని రెండుమార్లు చదివించుకొని వినెను. 'నా భర్త కాలు పోవునని వైద్యుడు చెప్పెను. నేను వింటిని. ఆ పరదేశీయునకు ముందు వైద్యము చేయుటకు నేను సమ్మతించితిని.' ఆమె బొటనవ్రేలు సిరాలో ముంచి రెండు ప్రతులపైని నదిమెను. వైద్యుడు ఆ వ్రాత క్రింద మరియొక పంక్తి చేర్చి ఒక ప్రతి యామె చేతికిచ్చి లోనికేగెను. ఆ కడపటి పంక్తిని చదివి వినిపించుటకు ఎవరికిని వ్యవధి లేకపోయెను.

నావికుని శస్త్రచికిత్స ముగియుటకు రెండుగంటలు మీరెను. పిమ్మట దానయ్యను లోనికి గొనిపోయిరి. వైద్యుడు చెప్పినట్లే జరిగెను.

సాయంకాలమున దానయ్య కన్ను తెరచి దుప్పటి క్రింద చేతితో తడిమి చూచికొనెను.

"నా కాలు ఏదే?"

ఆమె యున్నదున్నట్లు చెప్పెను. ఒక్క మాటయు తగ్గింపలేదు, తన తప్పేమియు లేదనలేదు, క్షమింపుమనలేదు. దానయ్య విని మొగమును గోడ వైపు త్రిప్పుకొనెను. ఆ దినమును మరునాడును ఆమె తెచ్చిన గంజి త్రాగెను గాని యొక్క మాట పలుకలేదు. భర్త తిట్టిన నోర్చుకొనవచ్చును, కొట్టిన నోర్చుకొనవచ్చును. ఆ మౌనము మాత్రము ఉప్పునీటి పుండువలె నామెను దహించెను. అయినను తానుచేసినది తప్పని యామెకు తోచలేదు.

మూడవనాటి యుదయమున దానయ్య గోడ వైపు నుండియే యడిగెను.

"ఆడి పడవలో నీరెంతుంది?"

ఆమెకు తక్షణమే యర్థమయ్యెను.

"అంచు దాకా ఉంది మావా."

తరువాత నతడు మెల్లగ నిటు తిరిగెను.

"అలగైతే సరే. గంజిలో ఉప్పు ఎయ్యవేటే? రెండ్రోజులు బట్టి సప్పగా తాగుతున్నాను."

ఆ నావికుడు పదునొకండు దినములు బ్రదికెను. మాట తెలియకున్నను అతడును దానయ్యయు ప్రక్కమంచములపై పండుకొని చేతివ్రేళ్లతో ముడులు చూపుకొనెడివారు. వాని దేశపు వలముడి యొకటి దానయ్యకు వచ్చెను, మన ముడి యొకటి వానికి వచ్చెను. పండ్రెండవనాడు లోపలి గాయము విషమించి వాడు కన్నుమూసెను. వాని పేరు ఆమెకు నోరు తిరుగలేదు, గుర్తుంచుకొనలేకపోయెను. ఆ యొక్క దాని కొరకు ఆమెకిప్పటికిని సిగ్గు కలదు.

వార్త విని ఎల్లాజీ వచ్చెను. ఎగతాళి చేయుటకు రాలేదు, నిజముగ వగచియే వచ్చెను గాని యా మాట నోట రాక మానలేదు.

"కాలూ పోయింది, ఆడూ పోయినాడు. ఏటి మిగిలిందిరా దానిగా?"

దానయ్య తల యెత్తెను.

"దారిచ్చినాక ఒడ్డుకాడ పడవ తిరగబడిందనుకో పెద్దా, దారిచ్చినోడు ఎనక్కి తీసుకుంటాడేటి? నువ్వెప్పుడైనా గుడ్డ ఎనక్కి ఊపినావా?"

"నేదు," అని ఎల్లాజీ యొప్పుకొనెను.

అటు పిమ్మట దానయ్య ఇరువదిరెండేండ్లు జీవించెను. సముద్రమునకు మరల పోలేదు. దిబ్బపై కూర్చుండి ఊరి వలలన్నియు బాగుచేసెను. ఆమె చేపల గంప తలకెత్తుకొని బిడ్డలను పెంచెను. ఆకలి దినములు లేవని వ్రాసిన నది యబద్ధమగును. కోపము వచ్చినప్పుడు దానయ్య "నా కాలిచ్చి ఊరి పెద్దరికం కొనుక్కుంది" అని యిరుగుపొరుగుల యెదుట దెప్పెడివాడు, పిమ్మట తానే నవ్వెడివాడు. ఆ పరదేశపు ముడిని మాత్రము ప్రతి వలలోను ఒక్కటి వేసెడివాడు. ఎందుకని యడిగినవారికి గట్టిగ నుండునని చెప్పెడివాడు.

అతడు పోయిన పిమ్మట ఆమెకొక్క కోరిక కలిగెను. రేకుపెట్టెలో నున్న ఆ కాగితమును పరుల నోట గాక తన కన్నులతో చదువుకొనవలయునని. అందుకొరకే కామేశ్వరమ్మగారి అరుగెక్కెను. పలక పట్టిన ముసలిదానిని చూచి పిల్లలు నవ్విరి. ఆమె వారితో కలిసి నవ్వి మరల దిద్దెను. గుణింతములకు ఒక యేడు, ఒత్తులకు ఒక యేడు, కూడబలుకుటకు మరియొక యేడు పట్టెను.

గడచిన కార్తికమున పెట్టె తెరచి చదివెను. మొదటి మూడు వాక్యములు తాను విన్నవే. వ్రేలిముద్ర క్రింద చదివి వినిపింపని ఆ పంక్తి యుండెను. 'ఈమెకు చదువు రాదు. విషయము పూర్తిగ తెలియకయే వ్రేలిముద్ర వేసినది. ఈ నిర్ణయమునకు బాధ్యత నాదే.'

ఆమె ఆ పంక్తిని వ్రేలితో తడుముచు మరల మొదటి నుండి కూడబలుకుకొని చదివెను. ఆ వైద్యుని మనసు ఆమెకు తెలియును. రేపు ఊరివారు తిట్టినను పైవారు విచారించినను ఆ బరువు ఒక చదువురాని స్త్రీపై పడకూడదని తన భుజము నడ్డుపెట్టినాడు. దయగలవాడు. ఆతడెచ్చట నున్నను చల్లగ నుండుగాక. కాని దయతో వ్రాసినను అబద్ధము అబద్ధమే. అక్షరము రాకపోవచ్చును గాని నీరెంత చేరెనో చూచుటకు అక్షరము పనిలేదు. మనవారు ముందా పరులు ముందా యని పెద్దలు పెద్ద గదులలో కూర్చుండి యిప్పటికిని తర్కించుచున్నారని వార్తాపత్రికలో కూడబలుకుకొని చదివితిని. వారికి చెప్పదగిన దానను గాను. మా రేవులో నేమి చేయుదుమో మాత్రము చెప్పగలను.

చూచితిరా, ఆమె యని మొదలిడి నేను లోనికి వచ్చివేసితిని. కామేశ్వరమ్మగారు మన్నింతురు గాక. ఈ పనికి ఆమె యను మాట చాలదు, నేనే కావలెను. కలము తీసి ఆ కడపటి పంక్తిపై అడ్డగీత గీసితిని. నలుబది నిమిషములు పట్టినను వ్రేలిముద్ర ప్రక్కన నా చేతితో నేనే ఇట్లు వ్రాసితిని.

తెలిసియే యిచ్చితిని.
మైలపల్లి పరదేశమ్మ, దానయ్య భార్య, వయస్సు అరువదినాలుగు, ఇప్పటి కాపురము తుపాను కాలనీ మూడవ వీధి, కొండదిబ్బపాలెము.