మూడో వరస

"వెనక సీట్లు నువ్వు చూడు. అది నీ డిపార్ట్‌మెంటు" అన్నాడు మా ఆయన, పొద్దున నేను నాలుగు టిఫిన్ డబ్బాలకు మూతలు బిగిస్తుంటే. ఆయన చేతిలో రెండు కాగితాలున్నాయి. పాత బండి కొనేటప్పుడు ఏమేం చూడాలో నెల రోజులు కూర్చుని రాసుకున్న జాబితా అది. ఇంజన్ ఆయిల్ రంగు నుంచి స్టెప్నీ టైరు వయసు దాకా నలభై ఒక్క అంశాలు. నలభై రెండోది చివర్లో, చోటు లేక పెన్నుతో ఇరికించి రాసింది: వెనక సీట్లు, సౌకర్యం. దాని పక్కన 'ఇంట్లోవాళ్ళు' అని ఉంది. ఇంట్లోవాళ్ళంటే నేనే.

ఒక మూత సరిగ్గా పడలేదు. తీసి మళ్ళీ పెట్టాను.

ఆర్నెల్లుగా మా ఇంట్లో ఒకటే మాట, పెద్ద బండి. ఎనిమిది మంది పట్టే బండి కొనుక్కుని, నెలకోసారి ఎటో అటు వెళ్ళిపోవడం. ముందు మా ఆయనా బావగారూ. మధ్య వరసలో మామగారు, అత్తగారు, నడుంనొప్పి ఉన్న తోడికోడలు. చివరి వరసలో నేను, మా అమ్మాయి, బావగారి అబ్బాయి. బండి ఇంకా దొరకనే లేదు, నా సీటు మాత్రం ఖాయమైపోయింది. "నువ్వు సన్నంగా ఉంటావుగా, సర్దుకుంటావు" అన్నారు అత్తగారు. సర్దుకుంటావు అన్న మాట పదిహేనేళ్ళుగా నాకు రెండో ఇంటిపేరులా అంటుకుని ఉంది.

పోయినేడాది అద్దె బండిలో వెళ్ళాం. అప్పుడూ నాది చివరి సీటే. డబ్బాలు, ఫ్లాస్కులు, పిల్లల తడి బట్టల సంచి, అన్నీ నా కాళ్ళ కిందే. బయలుదేరిన రెండు గంటలకు బండి ఆపమన్నాను. నా మాటను మా అమ్మాయి మధ్య వరసకు అందించింది, అత్తగారు ముందుకు అందించారు. "ఇంకో పది నిమిషాలు ఆగమను, మంచి చోటు వస్తుంది" అన్న జవాబు అదే దారిలో వెనక్కి వచ్చింది. చాలాసేపు ఆ మంచి చోటు రాలేదు. తీరా వచ్చినప్పుడు బండి మంచి జోరు మీద ఉంది, బావగారు నిద్రలో ఉన్నారు, లేపడమెందుకన్నారు. నేను కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, పళ్ళు బిగించి, మైలురాళ్ళు లెక్కపెట్టాను. గంటన్నర తర్వాత మామగారికి టీ తాగాలనిపించింది. బండి వెంటనే ఆగింది. ఇంటికొచ్చాక నాకు చలిజ్వరం, మంట, పది రోజుల మాత్రలు. "అంతసేపు బిగబట్టుకుని ఎందుకు కూర్చున్నారు?" అని డాక్టరమ్మ నన్నే కోప్పడింది. "బయలుదేరే ముందే చూసుకోవాలి కదా" అన్నాడు మా ఆయన. అప్పట్నుంచీ ఎక్కడికైనా ప్రయాణమంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేస్తున్నాను. ఇక నెలకో ప్రయాణం అని ఇంటిల్లిపాదీ సంబరపడుతుంటే నాకు పొత్తికడుపు బిగుసుకుపోతోంది. ఈ మాట ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి? "అందరం సరదాగా వెళ్దామంటే నీకేదో ఒకటి ఉంటుంది" అంటారు. అన్నారు కూడా.

నేను మందుల కంపెనీలో పనిచేస్తాను. మాత్రల స్ట్రిప్పులు బెల్టు మీద వరసగా వస్తుంటాయి. ఖాళీ గూడో, విరిగిన మాత్రో, చెరిగిన తేదీయో కనిపిస్తే నా మోచేతి దగ్గరున్న ఎర్ర బటన్ నొక్కాలి. నొక్కితే లైను మొత్తం ఆగుతుంది. ఎందుకాపావని ఎవరూ విసుక్కోరు, ఏం కనిపించిందని అడుగుతారు. ఇంకో నియమం కూడా ఉంది. ఒకరు చూసి సరేనన్నదాన్ని రెండో మనిషి తన కళ్ళతో చూడందే సంతకం పడదు. రోజుకు ఎనిమిది గంటలు నా మాటకు యంత్రాలు ఆగుతాయి. ఇంటికొస్తే కుక్కరు కూడా నా మాట వినదు.

మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళాను. బండి ఓ ఇంటి ఆవరణలో ఎండలో నిలబెట్టి ఉంది. మంచం కంటే వెడల్పు, నా భుజం దాకా బానెట్టు. మా ఆయన వెంటబెట్టుకొచ్చిన మెకానిక్ సెల్ఫ్ కొట్టి, తల వంచి విన్నాడు. ఆయిల్ కడ్డీ తీసి వేళ్ళ మధ్య రాసి చూశాడు. తలుపుల అంచులు తడిమి, "టింకరింగ్ పడలేదు సార్, కంపెనీ పెయింటే" అన్నాడు. ఒక్కొక్కదానికీ మా ఆయన టిక్కు కొడుతున్నాడు. "పిల్లాణ్ణి పెంచినట్టు పెంచాను సార్" అంటున్నాడు బండి యజమాని, రిటైరైన పెద్దమనిషి. లీటరుకు ఎంత వస్తుందని నేనడిగితే జవాబు మా ఆయనకు చెప్పాడు.

బండి నడిపి చూద్దామన్నారు. యజమాని స్టీరింగు దగ్గర, పక్కన మా ఆయన, మధ్య వరసలో మెకానిక్. "నువ్వు వెనక ఎక్కు, నీ పని అయిపోతుంది" అన్నాడు మా ఆయన. మధ్య సీటు మడిస్తే గానీ వెనక్కి దారి లేదు. మెకానిక్ లివరు లాగి మడిచాడు, నేను వంగి దూరాను, సీటు తిరిగొచ్చి టక్కున బిగుసుకుంది. మోకాళ్ళు గడ్డం దగ్గరికొచ్చాయి. కాళ్ళకే చోటు చాలక, ఫోనున్న నా బ్యాగు ముందుకిచ్చేశాను. పక్క అద్దం తెరుచుకునే రకం కాదు. పైనున్న ఏ.సీ. గూటికి చెయ్యి పెట్టి చూస్తే గాలి లేదు. "ఏవండీ, వెనక్కి గాలి రావట్లేదు" అన్నాను. ముందు నుంచి నవ్వులు వినిపించాయి. వాళ్ళు వేరే దేనికో నవ్వుకుంటున్నారు.

తిరిగొచ్చి బండి ఆపారు. తలుపులు దబదబా తెరుచుకున్నాయి, మూతపడ్డాయి. "ఏవండీ" అన్నాను. "ఆఁ, ఒక్క నిమిషం" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. యజమాని అలవాటు కొద్దీ చేతిలోని తాళం నొక్కాడు. బండి కీచుమంది, తలుపులన్నీ లాకయ్యాయి. ముగ్గురూ కాగితాలు చూడ్డానికి ఇంట్లోకి వెళ్ళిపోయారు.

మనిషిని మరిచిపోతారా అంటారు మీరు. గొడుగును మరిచిపోయినట్టే మరిచిపోతారు. మొదటి నిమిషం నవ్వొచ్చింది. రెండో నిమిషం అద్దం మీద కొట్టాను. తర్వాత అరిచాను. నా అరుపు నా చెవులకే గట్టిగా తగిలింది. చెమట మెడ మీంచి జాకెట్టులోకి కారుతోంది. వచ్చేస్తారులే, వచ్చేస్తారులే అనుకుంటూనే, రాకపోతే అనుకున్నాను. సీటు మీదుగా ఎక్కి అవతలికి దాటబోతే, కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడి, మోకాలు దేనికో కొట్టుకుని మళ్ళీ వెనక్కే పడ్డాను. చెయ్యి సీటు సందులోకి జారింది. గరుకుగా ఏదో తగిలితే లాగాను.

మాత్రల స్ట్రిప్పు. ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకునేవి. పది గూళ్ళూ ఖాళీ. ఆ స్థితిలో కూడా తేదీ చూశాను, ఆరేళ్ళ కిందటిది. మళ్ళీ చెయ్యి పెట్టాను. ఇంకో స్ట్రిప్పు. ఇంకోటి. మూడు తలపిన్నులు, ఒక పిన్నీసు, చిన్నపిల్లల మేజోడు ఒకటి, వాంతికి సిద్ధంగా మడిచి పెట్టుకున్న ప్లాస్టిక్ సంచులు ఐదారు. నలభై ఒక్క టిక్కుల్లో ఇవేవీ ఎవరికీ కనపడలేదు. ఈ సీట్లో ఎవరో కాపురమే చేశారు.

అప్పుడు కనిపించింది ఆవిడ. ఇంటి పక్కన తీగ మీద బట్టలు తీస్తున్న యాభై ఏళ్ళావిడ, యజమాని భార్య కాబోలు, బండి వైపు చూసి ఆగిపోయింది. నేను రెండు చేతులతో అద్దం బాదాను. దుప్పటి వదిలేసి లోపలికి పరిగెత్తి, ఇంకో తాళం తెచ్చి నొక్కింది. మధ్య తలుపు బార్లా తెరిచింది. సీటు తను మడవలేదు. "నీ ఎడం కాలి దగ్గర చూడమ్మా. సీటు వెనక, కింద. నాడా ఉంటుంది, లాగు" అంది.

వంగి తడిమాను. నిజంగానే లంగా నాడా. ఎక్కడో లోపల ఇనప ముక్కకు కట్టి, కిందికి వేలాడేసి ఉంది, పట్టుకుని పట్టుకుని నల్లగా నున్నబడింది. లాగాను. సీటు మడత పడింది. నేను దిగి, తలుపు పట్టుకుని నిలబడి, గాలి పీల్చుకున్నాను. ఆవిడ చెంబుతో నీళ్ళిచ్చింది. ముందూ వెనకా చూసుకోకుండా మొత్తం తాగేశాను.

"లోపల్నుంచి దిగే దారి లేదని మెకానిక్కులు కూడా చెప్పారు. రెండేళ్ళు వెతికి వెతికి నేనే కట్టుకున్నాను" అందావిడ, పిల్లలకు మంచి మార్కులొచ్చాయని చెప్తున్నట్టు.

"ఎన్నేళ్ళు కూర్చున్నారండీ ఇక్కడ?"

"తొమ్మిది. ఎన్ని ఊళ్ళు తిరిగామో మా ఆయన్ని అడుగు, గడగడా చెప్తారు. నాకు మాత్రం వాళ్ళ మెడలు తెలుసు, ఎవరికి ఎప్పుడు జుట్టు నెరిసిందో కూడా చెప్తాను."

"వెనక్కి గాలి రాదు కదా?"

"మొదటి ఏడాదే చెప్పాను. నీకలా అనిపిస్తోంది అన్నారు." నా చేతిలో స్ట్రిప్పులు చూసి, సిగ్గుపడుతున్నట్టు తీసుకుని గుప్పిట్లో మూసేసింది. ఎందుకు అమ్ముతున్నారని అడిగాను. "ఇంకా పెద్దది కొంటున్నారమ్మా. అందులో నాలుగో వరస ఉంటుందేమో చూడాలి" అంది.

ఇద్దరం నవ్వాం. నాకు నవ్వులోంచి ఏడుపొచ్చింది. ఆవిడ చూసి, చూడనట్టు బండిలోకి వంగి, "ఈ నాడా ఉంచెయ్యనా? నీకు పనికొస్తుంది" అంది.

ఉంచండి అనబోయాను. నోటి దాకా వచ్చింది. ఎంత బాగా పనిచేస్తోందో ఇప్పుడే చూశాను కదా. ఇది ఉంటే మరిచిపోయినా దిగొచ్చు, ఎవర్నీ పిలవక్కర్లేదు, ఎవరితోనూ మాట పడక్కర్లేదు. తొమ్మిదేళ్ళు హాయిగా కూర్చోవచ్చు. తొమ్మిదేళ్ళు అనుకోగానే ఒళ్ళు జలదరించింది.

"వద్దండీ. విప్పేయండి" అన్నాను.

నా మొహంలోకి ఓసారి చూసి, గోళ్ళతో ముడి విప్పింది. వేలికి చుట్టుకుని నడుం దగ్గర దోపుకుంది.

అప్పుడే మగవాళ్ళు బయటికొచ్చారు. "మేడంకి బండి ఎంత నచ్చిందో చూశారా, దిగబుద్ధే కాలేదు!" అన్నాడు యజమాని. మెకానిక్ నవ్వాడు. "అరే, నిన్ను దింపనే లేదు కదూ" అని మా ఆయనా నవ్వి, పెన్ను తీశాడు. "సరే, నలభై రెండు. బాగున్నాయిగా? టిక్కు కొట్టెయ్యనా?"

"రెండో మనిషి చూడాలి. మా కంపెనీలో అదే పద్ధతి. మీరు కూర్చోండి, నేను నడుపుతాను. వీధి చివరిదాకా వెళ్ళొద్దాం" అన్నాను.

"ఇంత పెద్ద బండి నీ వల్ల కాదు."

"రోజూ ఆఫీసుకీ స్కూలుకీ మన చిన్న కారు నడిపేది నేనే కదండీ. ఇది కాస్త వెడల్పు, అంతే."

యజమాని ఏదో గొణిగాడు. "తాళం నా దగ్గరే ఉందిలెండి" అని ఆవిడ నా చేతిలో పెట్టి, అవతలి పక్కకు వెళ్ళి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. "ఇక్కడ్నుంచి బాగా కనిపిస్తుందే" అంది. మా ఆయన నలుగురి ముందూ కాదనలేకపోయాడు. పైగా జాబితాలో ఒక గడి ఖాళీగా ఉండటం ఆయనకు నచ్చదు. నేను సీటు మడిచాను, ఆయన వంగి దూరాడు. సీటు టక్కున బిగుసుకుంది.

రెండు పక్కలా అద్దాలు చూసుకుంటూ మెల్లగా గేటు దాటించాను. వీధి చివర ఆపకుండా పెద్ద రోడ్డెక్కాం. అద్దంలో మా ఆయన మోకాళ్ళు, వాటి మీద జాబితా. కాసేపటికి జాబితాతో విసురుకోవడం మొదలుపెట్టాడు. నేను రోడ్డు చూస్తూ, ఇంట్లో మాట్లాడే గొంతుతోనే చెప్పాను. "ఈ బండి కొంటే కొనండి, మానితే మానండి. ఆ సీట్లో నేను కూర్చోను. నేను నీళ్ళు తాగే బయలుదేరతాను. ఆపమంటే బండి ఆగాలి. ఆగదంటే నేను రాను."

"ఏంటీ?" అని వెనక నుంచి అరిచాడు. "ఇక్కడికేం వినపడట్లేదు! కాస్త ఆపు, ఉక్కగా ఉంది!"

పక్కనున్నావిడ నా వైపు చూసింది. ఇండికేటరు వేసి, బండి పక్కకు తీసి ఆపాను. ఇంజను కట్టేసి, ముందు అద్దాలు రెండూ దించాను. అంతా నిశ్శబ్దమైంది. ఆయన సీటు వెనక కింద ఎక్కడో తడుముకుంటున్నాడు, దిగే దారి కోసం. నేను పూర్తిగా వెనక్కి తిరిగి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను. అంతా చెప్పాకే దిగి, సీటు మడిచాను.