గంజి పోయాక మిగిలే గుడ్డ

మా గుడియాత్తంలో లుంగీకి గంజి దండిగా పట్టించడమే పనితనం. నలిపితే ఫెళఫెళలాడాలి, అప్పుడే సంతలో బేరం. జర్మనీ యుద్ధం రోజుల్లో పటాలం ఆసుపత్రికి గాయాలకు కట్టే గుడ్డ నేయమంటే, ఆ అలవాటుతోనే నేసి పంపాం. వేలూరులో దాన్ని నీళ్ళలో ముంచి చూశారు. గంజి పోయింది, జల్లెడ మిగిలింది. మూటలన్నీ తిప్పి పంపారు.

మగ్గాలన్నిటికీ పెద్ద మా ఆయన వరదప్ప. తల పట్టుకుని వచ్చాడు.

"ఇంకొక్కతూరి తిరిగొస్తే పని వేరే ఊరికి ఇస్తామని పటాలం దొర చెప్పినాడు. కొన్న గుడ్డే మళ్ళా కొని, బండి కూలి మళ్ళా ఇచ్చుకుంటే పటాలానికి మాత్రం గిట్టతాదా అని అడిగినాడు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. యుద్ధంతో నూలు దొరకడమే గగనం, ఈ పనీ పోతే మగ్గాలు మూలపడతాయి. గంజి తగ్గించాను. వాకిట్లో తొట్టి పెట్టి నీళ్ళు నింపాను. ఏ తాను మగ్గం దిగినా ముక్క కత్తిరించి ఉతకాల్సిందే, ఎండకు పట్టి చూడాల్సిందే.

"ఇట్లయితే నేసేది ఎప్పుడు పచ్చయమ్మక్కా?" అని నేతగాడు ఆరుముగం సణిగాడు.

"నేసిందే మళ్ళా నేస్తా ఉండావే, దానికి మాత్రం పొద్దు యాడుండాది నాయనా?" అన్నాను.

మొదట్లో పని నత్తనడక నడిచింది. పోనుపోను తీసిపారేసే తానులు తగ్గాయి. మళ్ళీ నేసే బాధ లేక, మునుపటికంటే ఎక్కువ గుడ్డే తయారైంది.

మూటలు కట్టే రోజు చివరి తాను మా ఆయనదే వచ్చింది. ఉతికి చూస్తే గుడ్డలోంచి నా వేళ్ళు కనబడ్డాయి. తొందరలో అడ్డపోగు పలచగా వేశాడు.

"బండి నిలబడుండాది. ఈ ఒక్కటి పోనీ," అన్నాడు మెల్లగా. అందరూ చూస్తున్నారు.

కట్టుకున్నవాడి పరువు. అయినా తాను పక్కన పెట్టేశాను.

"ఉతికితే పోయే పరువు మనకొద్దు. ఇది యాడనో ఒక బిడ్డ గాయం మీద పడే గుడ్డ," అన్నాను.

బండి ఆ తాను లేకుండానే వెళ్ళింది. ఆయన మగ్గం గుంటలో దిగి, అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. నేత ముగిశాక తన చేత్తోనే ముక్క కత్తిరించి ఉతికాడు, ఎండకు పట్టి నన్ను పిలిచాడు. వేళ్ళు కనబడలేదు. కొత్త తాను నెత్తిన పెట్టుకుని వేలూరు బయలుదేరాడు.

ఈసారి ఒక్క మూటా తిరిగి రాలేదు. మళ్ళీ నేయమని కబురు కూడా వచ్చింది. ఇక చాలులే అని నేను తొట్టి తీయబోయాను.

"ఉండనీ," అన్నాడు మా ఆయన. "రేపు నాది మొదట ముంచు."